నలభై ఐదో అధ్యాయం

నరసాపురం,
22-8-2003, శుక్రవారం సాయంత్రం.

గౌరవనీయులైన వదిన గారు జ్ఞానసుందరమ్మ గారికి,

మీ ఆడపడుచు దయామణి ప్రభువు పేరట చేతులు జోడించి రాయునది. ఆయన కాపుదలలో ఇక్కడ మేమందరం క్షేమం. కాకినాడలో మీరు, ఆశీర్వాదం అన్నయ్య, పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారని నమ్ముతున్నాను.

ఈ నాలుగు ముక్కలకే నాకు చెమట పట్టింది వదినా. నిన్ను మీరు అనడం నా వల్ల కాదు. నువ్వు కాపురానికి వచ్చేటప్పటికి నాకు పన్నెండేళ్ళు. నా జడ వేసినదానివి, నాకు లేసు సూది పట్టుకోవడం నేర్పినదానివి. పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎదురుపడి బాగున్నారా అంటే బాగున్నాం అనుకుని పక్కకి తప్పుకుని పన్నెండేళ్ళు గడిపాం. ఇంక చాలు. ఈ ఉత్తరంలో నేను నువ్వు అనే రాస్తాను. కోపం వస్తే మనిషివి వచ్చి తిట్టు, అంతకంటే నాకు కావలసింది లేదు.

ముందు ఇంటి సంగతులు. మీ తమ్ముడు గారు, అదే మా ఆయన, రిటైరయ్యాక రోజుకి మూడు పేపర్లు తిరగేసి ప్రభుత్వాన్ని ఇంట్లో కూర్చునే నడిపిస్తున్నారు. మోకాళ్ళు మాత్రం నడవనివ్వడం లేదు. పుష్కరాలు అయిపోయి పన్నెండు రోజులైనా మన వీధిలో ఒంటి చెప్పులు ఇంకా దొరుకుతున్నాయి. జనం ఆ వలంధర రేవులో ఒక పాపం వదిలారో లేదో గాని, మన వాకిట్లో ఒక చెప్పు మాత్రం వదిలి వెళ్ళారు.

ఇక అసలు సంగతి. ఇది ఫోనులో చెప్పచ్చు, నంబరు ఉంది. కానీ అటువైపు నీ గొంతు వినపడితే నా గొంతు పెగలదు. నేను మళ్ళీ బైబిలు చదువుతున్నాను వదినా. రోజూ. ఆదికాండం మొదటి అధ్యాయం నుంచి, రోజుకొకటి చొప్పున, పైకి, నలుగురూ వినేలా. ఇవాళ్టికి నలభై నాలుగు రోజులు. ఒక్కరోజు తప్పలేదు.

నీకు తెలియని కథ కాదు, అయినా మొదటినుంచీ చెప్పుకొస్తే గాని నాకు వరస కుదరదు. మన అరుగు మీద ఏడుగురం ఉండేవాళ్ళం. మధ్యాహ్నం మూడింటికి నీడ అరుగెక్కేది. ఆరుగురి చేతుల్లో లేసు సూదులు, నీ చేతిలో బైబిలు. చదివేవాళ్ళ చేతులు పనికి దూరమవుతాయి కాబట్టి ఆ రోజు వాళ్ళు అల్లాల్సిన పువ్వుల్ని మిగతావాళ్ళు పంచుకుని అల్లడం మన పద్ధతి. మిషను దొరసాని రోజుల నుంచీ ఉందని మా అమ్మ అనేది. దాని పైన నువ్వు పెట్టిన పద్ధతి ఇంకొకటి. రేపటి అధ్యాయంలో ఏముందో ఇవాళ ఎవరూ నోరు జారకూడదు. తెలిసిన మనం కూడా తెలియనట్టే కూర్చోవాలి, ఎందుకంటే బుల్లెమ్మ గారికి తెలియదు. ఆవిడ దేవుడు ఆవిడ గూట్లో ఉన్నాడు. లేసు పనికి, కథకి మాత్రం మూడిళ్ళు దాటి మన అరుగు మీదకే వచ్చేది.

ఇంకొకటి మాకు చెప్పకుండా చేసేదానివి. చదవబోయే ముందు ఆ అధ్యాయం పక్కన పెన్సిలుతో చిన్నగా ఏదో రాసేదానివి. ఏంటది అంటే నవ్వి ఊరుకునేదానివి.

తొంభై ఒకటి వేసవిలో ఆ పెద్ద బల్లగుడ్డ పని వచ్చింది. ఏజెంటు వీరబ్రహ్మం గారు దారం, చూసి అల్లుకోవడానికి ఒక మచ్చు పువ్వు తెచ్చి నా చేతిలో పెట్టారు, ఎందుకంటే పని పంచిపెట్టడం, అల్లిన పువ్వుల్ని కలిపి అతకడం నా వంతు. పువ్వుకి పదహారు రేకులు. నాలుగు పక్కలా నాలుగేసి రేకులు పట్టుకుని అతికితే గుడ్డ చదునుగా పరుచుకుంటుంది. నువ్వప్పుడు యోసేపు కథ చదువుతున్నావు. అన్నలు గుంటలో పడేసి అమ్మేసిన కుర్రాడు ఐగుప్తులో పెద్ద మంత్రి కావడం, కరువొచ్చి ఆ అన్నలే ధాన్యం కోసం ఆయన ముందు సాగిలపడటం, ఎదురుగా ఉన్నది తమ్ముడని వాళ్ళకి తెలియకపోవడం. నలభై నాలుగో అధ్యాయం అయిన రోజు బుల్లెమ్మ గారు ముక్కు చీదుకుంటూ ఇంటికి వెళ్ళింది.

మర్నాడు నువ్వు నలభై ఐదు తెరిచి, రాసి, పెన్సిలు కింద పెట్టావో లేదో, వీరబ్రహ్మం గారు వచ్చారు. నేను అతికినంత మేర చాప మీద పరిచారు. ఒక పక్క చదునుగా ఉంది, రెండో పక్క అప్పడంలా ముడుచుకుపోయింది. ఆయన అద్దాలు సర్దుకుని రేకులు లెక్కపెట్టారు. మొదటి రోజుల పువ్వులకి పదహారు. యోసేపు గుంటలో పడిన రోజు నుంచి అల్లినవాటికి, ఎవరి చేతిది చూసినా, పదిహేను. ఏంటమ్మా ఇది అన్నారు. అందరూ నా వంకే చూశారు. నేను నీ వంక చూశాను. చెవులు కథకిచ్చి కళ్ళు సూదికిస్తే ఇంతేనండి, ఈ చదువు మానమని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను అన్నాను.

నేనెప్పుడూ మొత్తుకోలేదు. ఆ మాట నీకూ తెలుసు.

నువ్వు లేసు దారం ముక్క ఒకటి అధ్యాయం దగ్గర పెట్టి, పుస్తకం మూసి, నా గూట్లో ఉంచి పక్కనున్న మీ ఇంట్లోకి వెళ్ళిపోయావు. ఆ పని మన చేతుల్లోంచి పోయింది. అరుగు చెదిరిపోయింది. నెల తిరక్కుండా అన్నయ్యకి కాకినాడ బదిలీ వచ్చింది. సామాను లారీ ఎక్కించేటప్పుడైనా బైబిలు అడుగుతావనుకున్నాను, అడగలేదు. నేనూ తెచ్చివ్వలేదు. పాత చీరలో చుట్టి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టేశాను.

ఆ రోజు నుంచి నేను ఇంట్లో బైబిలు తెరవలేదు వదినా. సంఘంలో ఎవరికీ తెలియదు. ఆదివారం నా బైబిలు చంకలో పెట్టుకుని వెళ్ళేదాన్ని, పాస్టరు గారు చెప్పిన చోట వేలు పెట్టుకుని కూర్చునేదాన్ని, మళ్ళీ చంకలోనే తెచ్చేదాన్ని. స్త్రీల కూటంలో ఈ వారం ఏం చదివారు అని అడిగితే కీర్తనలు అనేదాన్ని. కీర్తనలు నూట యాభై ఉన్నాయి గనక ఎవరూ నిలదీయరు.

మొన్న మే నెలలో పెళ్ళికి వచ్చినప్పుడు అన్నయ్య మా ఆయనతో అన్న మాట నా చెవిన పడింది. ఇంట్లో ప్రార్థనలో చదవమంటే నువ్వు కళ్ళద్దాలు కనపడటం లేదంటావట, అద్దాలు నీ ముక్కు మీదే ఉంటాయట. ఈ పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా నువ్వు పైకి చదవడం పిల్లలు వినలేదట. అన్నయ్య నవ్వుతూనే చెప్పాడు. నేను మాత్రం ఆ రోజు పెళ్ళి భోజనం విస్తరిలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

ఇక జూలై పదో తారీకు. గురువారం. మధ్యాహ్నం బుల్లెమ్మ గారు కర్ర తాటించుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది. డెబ్భై అయిదు దాటాయి. రెండు కళ్ళకీ శుక్లాలు, లేసు ముట్టుకోక రెండేళ్ళయింది. మంచినీళ్ళు తాగి, కాసేపు కోడల్ని తిట్టి, కోడలి కూర బాగుందని మెచ్చుకుని, అప్పుడు అడిగింది. ఏమ్మా దయామణీ, కళ్ళు కోయించుకోమంటన్నారు, ఈ వయసులో ఏవవుద్దో ఏవో, ముందో మాట సెప్పు, ఆ మంత్రిగారు అన్నదమ్ముల్తో నేనేరా మీ తమ్ముణ్ణి అని సెప్పేశాడా, లేదా, అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ మనిషి పన్నెండేళ్ళుగా ఆ కథ దగ్గరే ఆగిపోయి ఉంది వదినా! ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేదా అన్నాను. పాస్టరమ్మ గారిని అడిగితే ఆదివారం గుడికి రండి చెప్తాను అందట. కథ కోసం దేవుణ్ణి మార్చుకుంటానా అంది బుల్లెమ్మ గారు. అయినా సెప్పించుకోడం ఏరు, సదివించుకోడం ఏరు, మీ వదిన సదివితే ఎదర నిలబడి సూసినట్టుండేది అంది.

ఒక్క మాటలో చెప్పేయచ్చు. చెప్పాడు బుల్లెమ్మ గారూ, ఏడ్చి మరీ చెప్పాడు అంటే అయిపోయేది. అలా అనబోయి, అనలేకపోయాను. మధ్యలోంచి ఎందుకు, మొదటినుంచీ చదువుతాను, రోజుకొకటి, వరసలో వస్తుంది అన్నాను. ఆవిడ సంబరపడిపోయింది. నేను ట్రంకు పెట్టె తెరిచి నీ బైబిలు తీశాను.

మొదటి వారం మందు మింగినట్టు చదివాను, దాపరికం లేకుండా చెప్తున్నాను. గొంతు కీచుమంది. మా ఆయన కళ్ళద్దాలు పెట్టుకుంటే అక్షరాలు ఈదుతున్నాయి. ఆ పాత తెలుగు నోరు తిరక్క రెండుసార్లు ఆగితే బుల్లెమ్మ గారు, మీ వదినకైతే మంచినీళ్ళలా వచ్చేది అని నా పుండు మీద ఉప్పు చల్లింది. అయిదో అధ్యాయంలో మెతూషెల తొమ్మిది వందల అరవై తొమ్మిదేళ్ళు బతికాడని చదివితే, అన్నేళ్ళు బతికి ఏం సేశాడంట అంది. పుస్తకంలో లేదండి అన్నాను. సేసుంటే రాద్దురు కదా అంది. తొమ్మిదో రోజు నాకు జ్వరం. ఇవాళ వద్దండీ అని కబురు చేస్తే కర్ర తాటించుకుంటూ మంచం దగ్గరకే వచ్చేసింది. పనికైతే సెలవు గాని కథకి సెలవేంటమ్మా అని మంచంకోడు పక్కన చతికిలపడింది. వణుకుతూనే చదివాను. చిత్రం ఏమిటంటే, చదవడం అయ్యేసరికి నాకు లేచి కాఫీ పెట్టాలనిపించింది.

అప్పుడే నీ పెన్సిలు రాత కనిపెట్టాను. ఒక్కొక్క అధ్యాయం పక్కన ఒక్కొక్కరి పేరు, వాళ్ళ బాధ. ఒకటో అధ్యాయం దగ్గర అప్పాయమ్మ, కాన్పు. అయిదు దగ్గర బుల్లెమ్మ గారి గేదె, పాలివ్వడం లేదు. పన్నెండు దగ్గర అన్నయ్య బదిలీ. మేం లేసు అల్లుతున్నంతసేపూ నువ్వు ఎవరో ఒకరిని దేవుడికి అప్పజెప్తూ చదివావన్నమాట! బుల్లెమ్మ గారికి ఆ గేదె సంగతి చదివి వినిపిస్తే, ఏదీ అని ఆ రాత మీద వేలు పెట్టించుకుంది. తర్వాత, ఆ నెలలోనే మళ్ళీ ఇచ్చింది తెల్సా, నేనే మీ వదినకి సెప్పలేదు అంది. నేను మాత్రం రోజూ నా పేరు కోసం వెతికాను. ఇవాళ్టి దాకా ఒక్కచోటా లేదు. మొదట్లో కాస్త ఉక్రోషం కూడా వచ్చింది.

పన్నెండో రోజుకి మన పాత ఏడుగురిలో అప్పాయమ్మ వచ్చి చేరింది. దాని కాన్పులో పుట్టిన పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఇంకో ఇద్దరు వచ్చారు. లేసు పని మునుపటంత లేదు, ఉన్నంతలో తెచ్చుకుని అల్లుకుంటున్నారు. ఒకరోజు చదవడం అయ్యాక చూస్తే నా చాప మీద రెండు పువ్వులున్నాయి. నేను అల్లలేదు. అప్పాయమ్మ తల వంచుకుని, చదివేవాళ్ళ పువ్వులు మనమే కదా అల్లాలి అంది. లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. మన పద్ధతి బతికే ఉంది వదినా, నేనే అది చచ్చిపోయిందనుకున్నాను.

బుల్లెమ్మ గారి లెక్క ఎలాగో చెప్పాలి. ఆవిడకి అంకెలు రాయడం రాదు, ఇప్పుడు చూపూ లేదు. అందుకని సూదీ దారం తెచ్చుకుని, అధ్యాయం కాగానే దారపు గొలుసులో ఒక కన్నె, ఒకే ఒక్క ముడి, వేస్తుంది, అంతే, ఇంక ఆ రోజుకి సూది పక్కన పెట్టేస్తుంది. పుష్కరాల మొదటి రోజు తడి జుట్టుతోనే వచ్చి, నా చేతిలో గోదావరి నీళ్ళ సీసా పెట్టి, వీధిలో మైకులు మోగుతుంటే చెవి నా నోటి దగ్గర పెట్టి విని, కన్నె వేసుకుని వెళ్ళింది. పుష్కరాలు ముగిసిన రోజున వచ్చింది ముప్పై రెండో అధ్యాయం. అన్నని మోసం చేసిన యాకోబు ఇరవయ్యేళ్ళ తర్వాత ఆ అన్న ఎదుట పడాల్సొచ్చి, భయపడుతూ రేవు దాటడం. మన వీధినిండా రేవు నుంచి వస్తున్న జనం. నేను ఆ అధ్యాయం నిదానంగా చదివాను. మర్నాడు అన్న ఏశావు పరుగెత్తుకొచ్చి మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడని చదువుతుంటే అప్పాయమ్మ, చదవవేంటక్కా, ఆగిపోయావు అంది.

ముప్పై ఎనిమిది దగ్గర మాత్రం దొంగతనం చేయబోయాను. యోసేపు అన్నల్లో ఒకడైన యూదా తన కోడలి విషయంలో చేసిన పాడు పని ఉంటుంది కదా అందులో. పరాయి మనిషి ముందు మన పుస్తకంలోని ఆ గొడవ ఎందుకులే అని, ముప్పై తొమ్మిది తెరిచాను. బుల్లెమ్మ గారు గొలుసు వేళ్ళతో తడుముకుంది. నిన్నటికి ముప్పై ఏడు, నువ్వొకటి మింగేశావు, నా కన్ను పోయింది గాని యేలు పోలేదు అంది. చేసేది లేక చదివాను. విని, ఇలాంటియ్యి కూడా రాసుకున్నారా మీ పుస్తకంలో, మంచిదే, దాసుకోలేదు అంది.

ఆ మాట నన్ను వారం రోజులుగా పొడుస్తూనే ఉంది.

మేలు కూడా చెప్పాలి. చెప్పడానికే ఈ ఉత్తరం. ఇరవయ్యో రోజు ప్రాంతంలో అనుకుంటా, మూడెప్పుడవుతుందా అని గడియారం చూసుకోవడం మొదలైంది. తర్వాత పొద్దున్న పాలు కాగే లోపల ఒక కీర్తన, అది నా కోసం. ఇప్పుడు ఎవరైనా అడిగితే నిజంగానే కీర్తనలు చదువుతున్నాను. నాకు కోపం తగ్గిందని మా ఆయన అంటున్నారు. తగ్గలేదు, ఆలస్యంగా వస్తోంది అంతే. నేను కూడా అధ్యాయం పక్కన పెన్సిలుతో పేర్లు రాస్తున్నాను, నీ రాత కింద నా రాత. దేవుడు నన్ను విడిచిపెట్టాడనుకున్న పన్నెండేళ్ళు ఆయన నా ట్రంకు పెట్టెలోనే ఉన్నాడు. అడుగున, చీరలో. ఎంత దయ వదినా. ఎన్నిసార్లు స్తోత్రం చెప్పినా తీరడం లేదు. ఆయనకి చెప్పడం తేలికే, నీకు చెప్పడమే కష్టంగా ఉంది. ఆ పుస్తకం నువ్వు వదిలి వెళ్ళబట్టి నాకు మళ్ళీ దొరికింది. చదవడం నీ దగ్గర వినబట్టి నాకు వచ్చింది.

ఇవాళ నలభై నాలుగు చదివాను. అన్నదమ్ములు ధాన్యం తీసుకుని బయల్దేరాక మంత్రిగారి వెండి గిన్నె పోయిందని మనుషులు వెంటపడటం, ఏ పాపం ఎరుగని చిన్నవాడు బెన్యామీను గోనెలో అది దొరకడం. బుల్లెమ్మ గారు, పాపం ఆ పిల్లోడు తియ్యలేదు, గిన్నె అందులో పెట్టినోడికి తెల్సు కదా అంది. అప్పుడు యూదా ముందుకొచ్చి, వాణ్ణి వదిలేయండి, వాడి బదులు నేను బానిసగా ఉంటాను అంటాడు. అది విని, ఈ యూదా ఆ ముప్పై ఎనిమిదిలో యూదాయేనా అని అడిగింది. అవునన్నాను. అంత పని సేసినోడు కూడా ఆకరికి ముందుకొచ్చి నిలబడ్డాడు సూడు అంది. నలభై నాలుగో కన్నె వేసుకుని, రేపు సెప్పేస్తాడు కదా అంటూ వెళ్ళింది.

రేపు నేను చదవను వదినా. ఆ అధ్యాయం నీది. నువ్వు తెరిచి మూసినది, నువ్వే తెరవాలి. బుల్లెమ్మ గారికి సెప్టెంబరు రెండో వారంలో కంటి ఆపరేషను, ఆ తర్వాత కొన్నాళ్ళు కదలకూడదట. ఆ లోపల రా. అన్నయ్యని తీసుకురా. నా మాట మొరటుది. ఆ రోజు అందరిలో నీ చదువుని తప్పు పట్టినందుకు నన్ను క్షమించు. అద్దాలు కనపడలేదని మాత్రం అనకు, అరుగు మీద నా అద్దాలున్నాయి, నా సొంతవి, పోయిన వారమే చేయించుకున్నాను.

అన్నయ్యకి నా వందనాలు, పిల్లలకి ముద్దులు. ప్రభువు నిన్ను క్షేమంగా నా వాకిట దింపాలని రోజూ అడుగుతూ,

నీ ఆడపడుచు,
దయామణి.

తా.క. శనివారం ఉదయం. సంతకం పెట్టేసి, కవరు అంటించడానికి నాలుక దాకా తెచ్చాక చిరునామా రాయలేదని గుర్తొచ్చింది. మేలో అన్నయ్య ఇచ్చిన కాగితం నీ బైబిల్లో పెట్టాను. నలభై నాలుగు ఒక పేజీ అడుగున అయిపోతుంది, నలభై ఐదు వెనకవైపు. ఇన్నాళ్ళూ నేను ఆ పేజీ తిప్పలేదు. కాగితం వెతుకుతుంటే అదే తిరిగింది. పక్కన పెన్సిలుతో నీ రాత: దయామణి. నాలుగు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. ఏదో బాధ ఉంది, అడిగితే చెప్పడం లేదు.

ఏ బాధో ఇప్పుడు చెప్తాను. చెవులు కథకిచ్చినందుకు ఎవరి లెక్కా తప్పలేదు. యోసేపు గుంటలో పడిన రోజు మధ్యాహ్నం నేను మచ్చు పువ్వు పక్కన పెట్టుకుని అన్నం తిన్నాను. ఆవకాయ నూనె చుక్క దాని మీద పడింది. చేతులు కడుక్కోకుండా దారం ముట్టుకోవద్దని మీ అందర్నీ కసిరేది నేనే. నలుగురిలో చులకనైపోతానని, వంటింట్లో కూర్చుని గబగబా ఇంకో మచ్చు అల్లి చాప మధ్యలో పెట్టాను. దానికి పదిహేను రేకులు. మీరంతా దాన్ని చూసే అల్లారు. నాలుగు రోజులకి, అతకడం కుదరనప్పుడు నాకు తెలిసింది. తెలిసీ చెప్పలేదు. లాగి అతికితే సరిపోతుందనుకున్నాను. వీరబ్రహ్మం గారు అడిగినప్పుడు ఆ గిన్నె తీసి నీ గోనెలో పెట్టాను. మొదటి అధ్యాయం నుంచి చదువుతానని బుల్లెమ్మ గారితో అన్నది కూడా భక్తితో కాదు, నలభై ఐదు ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదని. దేవుడు దాన్నీ వాడుకున్నాడు.

ఆ అసలు మచ్చు పువ్వు పారేయలేకపోయాను. నీ బైబిలుతో పాటే చీరలో ఉంది. కవరులో పెడుతున్నాను. నూనె మరక పసుపు రంగు తిరిగింది. రేకులు లెక్కపెట్టు, పదహారు.

మధ్యాహ్నం బుల్లెమ్మ గారు వస్తే ఇదంతా ఆవిడకి, అప్పాయమ్మకి కూడా చెప్పేస్తాను, నువ్వు వచ్చే దాకా దాచను. దారం మళ్ళీ నలభై ఐదు దగ్గరే పెట్టాను. మూడింటికి నీడ అరుగెక్కుతుంది.